తీగ చిక్కుడు కొస తుంచాలా, దాని మానాన వదిలేయాలా?

కొత్తపాదు:
నమస్కారం. పెరట్లో ఊతకర్రలు నాటి తీగ జాతి ఫ్రెంచి చిక్కుడు పెట్టాను. విత్తి రెండు నెలలు దాటింది. తీగలు నా తల కంటే ఎత్తున్న కర్రల చివరిదాకా ఎక్కి, ఆపైన పట్టుకోవడానికి ఏమీ దొరక్క ఒకదాన్నొకటి పెనవేసుకుని గాలిలో వేలాడుతున్నాయి. ఆకు ముదురాకుపచ్చగా, అరచేయంత వెడల్పుగా ఉంది గానీ పూత జాడ మాత్రం లేదు. కొసలు తుంచితే పూస్తుందని ఒకరు, తుంచితే రాబోయే కాపు కూడా పోతుందని మరొకరు చెబుతున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పందిరినీడ:
సందేహం అక్కర్లేదు, తుంచండి. తీగ కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ, ప్రతి ఆకు మొదట్లో నిద్రాణంగా ఉన్న మొగ్గను పెరగనివ్వదు. 1930ల తొలినాళ్లలో థీమన్, స్కూగ్ అనే శాస్త్రజ్ఞులు బ్రాడ్ బీన్ అనే ఒక చిక్కుడు జాతి మొక్కల కొసలు కోసి, కోసిన చోట ఆక్సిన్ రాసి చూశారు. రాసిన మొక్కల్లో పక్క మొగ్గలు కదలలేదు, రాయనివాటిలో కదిలాయి. కొస పోతే పక్క కొమ్మలు వస్తాయి, కొమ్మలు వస్తే కణుపులు పెరుగుతాయి, చిక్కుడుకు పూగుత్తి వచ్చేది కణుపు దగ్గరే. కర్ర దాటిన తీగను, చివరనుంచి రెండో మూడో ఆకుకు కాస్త పైన గోటితో గిల్లితే చాలు. కత్తెర కూడా అవసరం లేదు.

గింజలడబ్బా:
పందిరినీడ గారు చెప్పిన ప్రయోగం నిజమే, కానీ అది నిటారుగా పెరిగే బ్రాడ్ బీన్ మీద చేసింది, కర్రను చుట్టుకుని పాకే తీగ మీద కాదు. పైగా ఆ కథ అక్కడితో ముగియలేదు. 2014లో బఠాణీ మొక్కలపై వెలువడిన పరిశోధన ప్రకారం, కొస కోసిన తరువాత మొగ్గను ముందుగా లేపేది ఆక్సిన్ తగ్గడం కాదు, కొస తినేస్తున్న చక్కెర మొగ్గలకు అందడం. ఇదంతా అలా ఉంచినా, పక్క కొమ్మ రావడం వేరు, పూత రావడం వేరు. ఆకులే వేస్తున్న తీగకు కొమ్మలు పెంచితే ఇంకా ఎక్కువ ఆకులు వేస్తుంది. తొందరపడవద్దని నా మనవి.

ఎరువుమాట:
ఆ మడికి ఏం ఎరువు వేశారో ఎవరైనా అడిగారా?

పందిరినీడ:
గింజలడబ్బా గారూ, చక్కెర అనండి, ఆక్సిన్ అనండి, కొస తుంచితే మొగ్గ లేస్తుందన్న విషయాన్ని మీరూ కాదనడం లేదు. కారణం ఏదైతేనేం, గోటికి పని ఒక్కటే. ఇక బ్రాడ్ బీన్ తీగ కాదన్నది ఒక అభ్యంతరమేనా? మొగ్గ తీగ మీద ఉన్నా కాండం మీద ఉన్నా మొగ్గే. ఆ కర్రల పైన వేలాడుతున్న ముద్దలో గాలి ఆడదు, ఎండ దూరదు, వాన పడితే తడి ఆరదు. ఆకుమచ్చ, కుంకుమ తెగులు, పేనుబంక మొదలయ్యేది అటువంటి చోటే. అక్కడ ఒకవేళ కాయ కాసినా అందుకోవడానికి నిచ్చెన వేయాలి. నేను చెప్పేది పుస్తకంలోంచి కాదు, ఏటా చేస్తున్న పని.

గింజలడబ్బా:
అభ్యంతరమే. తీగకు కొస అనేది కేవలం పెరిగే చోటు కాదు, ఊతాన్ని వెతికే చోటు. చార్లెస్ డార్విన్ 1865లో ప్రచురించిన పరిశీలనల్లోనే ఫ్రెంచి చిక్కుడు కొస సుమారు రెండు గంటలకు ఒక చుట్టు తిరుగుతుందని ఉంది. ఓపిగ్గా కూర్చుంటే మనమూ చూడవచ్చు. పొద్దున ఒక దిక్కుకు వంగి ఉన్న కొస, గంట తరువాత వచ్చి చూస్తే ఎదుటి దిక్కుకు తిరిగి ఉంటుంది. కర్ర తగిలితే చుట్టుకుంటుంది, తగలకపోతే మళ్లీ తిరుగుతుంది. దాన్ని గిల్లేస్తే, కింద లేచే నాలుగైదు పక్క కొమ్మలు ఇదే వెతుకులాట మొదలుపెట్టి, ఊతం చాలక తల్లితీగనే చుట్టుకుంటాయి. మీరు వద్దంటున్న ముద్ద అప్పుడు మొదలంటా తయారవుతుంది. మీకు ముద్దే సమస్యయితే కర్రల తలలు కలిపి అడ్డంగా ఇంకో కర్ర కట్టమనండి, లేదా వల దించమనండి.

కొత్తపాదు:
ఎరువుమాట గారూ, విత్తేముందు బాగా చివికిన కోళ్ల ఎరువు మట్టిలో దండిగా కలిపాను. ఆ తరువాత కలుపు తీసినప్పుడల్లా యూరియా నీళ్లలో కలిపి మొదట్లో పోస్తున్నాను. ఆకు ఇంత బాగా రావడం అందువల్లేనని సంతోషించాను.

సోమరితోటమాలి:
నేను తుంచను, తుంచవద్దనీ అనను. కాస్తే కోస్తాను.

ఎరువుమాట:
కొత్తపాదు గారూ, మీ ప్రశ్నకు జవాబు మీ రెండో టపాలోనే ఉంది. చిక్కుడు వేళ్లలో రైజోబియం అనే సూక్ష్మజీవులు చేరి బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తాయి. ఆ పనికి ప్రతిఫలంగా మొక్క వాటికి చక్కెర ఇవ్వాలి. మట్టిలో నత్రజని పుష్కలంగా దొరుకుతుంటే మొక్క ఆ ఖర్చు పెట్టుకోదు, బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది. ఆ ఉచిత నత్రజనితో ఆకులు, కాడలు విపరీతంగా వేస్తుంది, పూతకు రావడం వెనకబడుతుంది. ఫ్రెంచి చిక్కుడు తన తోటి పప్పుజాతి మొక్కలతో పోలిస్తే నత్రజని స్థిరీకరణలో బలహీనమే కాబట్టి, మొదట్లో కొద్దిగా ఎరువు ఇవ్వడం తప్పు కాదు. కలుపు తీసినప్పుడల్లా యూరియా మాత్రం తప్పే. ఒక బలహీనమైన మొక్కను, లాగకుండా, పక్కనుంచి తవ్వి తీసి వేళ్లు కడగండి. బుడిపెను గోటితో చీల్చితే లోపల గులాబీ రంగు ఉంటే పని చేస్తున్నట్టు, తెల్లగానో పచ్చగానో ఉంటే చేయనట్టు. యూరియా ఈ రోజుతో ఆపండి.

పందిరినీడ:
ఎరువు ఆపమనడం మంచిదే. కానీ అది తుంచవద్దనడానికి కారణం ఎలా అవుతుంది? గింజలడబ్బా గారు చెప్పిన అడ్డకర్ర సంగతే చూడండి. ఎంత ఎత్తుకు ఎన్ని అడ్డకర్రలు కడతారు? పెరటి తోట అంటే మనిషి చేతికి అందాలి. తీగ మాట తీగకు వదిలేయమనేవారు ఎప్పుడూ తోటలో పని చేసినవారు కారని నా అభిప్రాయం.

గింజలడబ్బా:
నేను తోటలో పని చేశానో లేదో మీకెలా తెలుసు? కనిపించిన తీగనల్లా గిల్లడమే తోటపని అనుకునేవారితో వాదించడం నా పొరపాటు.

పందిరినీడ:
మీరు వాదించడం లేదు, సాకులు వెతుకుతున్నారు. ముందు బ్రాడ్ బీన్ తీగ కాదన్నారు, తరువాత డార్విన్‌ను తెచ్చారు. రేపు ఇంకెవరిని తెస్తారో.

నిర్వహణ:
సభ్యులు వ్యక్తిగత వ్యాఖ్యలు మాని విషయానికి పరిమితం కావాలని మనవి.

సాయంకాలం:
ఒక చిన్న మాట. తీగ రకాల్లో కొన్ని పగలు తగ్గి రాత్రి పెరిగితే గానీ పూతకు రావు. 1920లో గార్నర్, అలార్డ్ పొగాకు, సోయా మొక్కలపై నిరూపించిన ఈ లక్షణం చిక్కుళ్లలో, ముఖ్యంగా పందిరి చిక్కుడు పాత రకాల్లో, బాగా కనిపిస్తుంది. కొత్తపాదు గారి రకం అటువంటిదైతే ఎరువు ఆపినా, కొస తుంచినా దాని కాలం వచ్చేదాకా పూయదు. పూత వచ్చి రాలిపోతుంటే వేడి ఎక్కువైందేమో అని అనుమానించవచ్చు. ఇక్కడ పూతే రాలేదు కాబట్టి ఆ వైపు వెళ్లనవసరం లేదు. విత్తనం ఎక్కడిది?

గింజలడబ్బా:
నిర్వాహకులు విషయానికి పరిమితం కమ్మన్నారు కాబట్టి నాకు జరిగినదే చెబుతాను, అదే విషయం. కొందరం కలిసి సాగుచేసే తోటలో నాకొక మడి ఉండేది. నేను ఊళ్లో లేనప్పుడు ఒక సభ్యుడు, నాకు ఉపకారం చేస్తున్నాననుకుని, నా తీగలన్నిటికీ తలలు గిల్లేశాడు. తీగలు చావలేదు. పక్క కొమ్మలు వచ్చాయి, కాపూ వచ్చింది, అయితే ఆలస్యంగా వచ్చింది. కాయ తీగ మీదే ఎండి, గడ్డి రంగుకు తిరిగి, ఊపితే గింజ గలగలలాడాల్సిన రోజుల్లో వానలు పట్టుకున్నాయి. తడిసిన కాయ విప్పితే లోపల తెల్లని బూజు, కొన్నిటిలో గింజ పగిలి మొలక. ఏళ్ల తరబడి దాచుకుంటూ వచ్చిన రకం అది. అడిగితే ఆ సభ్యుడు, కాయలు బోలెడు కాశాయి కదా అన్నాడు. గిల్లండి, గిల్లండి అని మీరు అంత తేలిగ్గా అంటుంటే నాకు అదే గుర్తొస్తుంది.

పందిరినీడ:
అంటే మీకు కావలసింది ఎండు గింజ! ఈ మాట మొదటి టపాలో చెప్పి ఉంటే ఇంత రాద్ధాంతం జరిగేది కాదు. నాకు కావలసింది లేత కాయ, అదీ వీలైనన్ని వారాలు. మా ఇంట్లో ఒక పెద్దాయన తీగను ముట్టుకోనిచ్చేవారు కాదు. అది ఎక్కడో పైకి పోయి, అక్కడ కాయలు ఎవరికీ అందక ముదిరిపోయేవి. గింజ ముదిరితే తీగ తన పని అయిపోయిందనుకుని కింద కూడా పూత ఆపేస్తుంది. ముదిరిన నాలుగు గుత్తుల కోసం మిగతా కాపంతా పోగొట్టుకునేవాళ్లం. నేను చెబితే, నీకేం తెలుసు అనేవారు. అందుకే నేను ఎత్తు అదుపులో పెడతాను, రెండు రోజులకోసారి కోస్తాను, ఒక్క కాయను కూడా ముదరనివ్వను.

గింజలడబ్బా:
ఒక్క కాయను కూడా ముదరనివ్వకపోతే వచ్చే ఏటికి విత్తనం ఎక్కణ్నుంచి వస్తుంది? ఎవరో ఒకరు తమ తీగ మీద కాయలు ముదరనిస్తేనే మీకు విత్తడానికి గింజ దొరుకుతోంది.

పందిరినీడ:
కొనుక్కుంటాను. అది నేరమా?

గింజలడబ్బా:
నేరమని అనలేదు. కొన్న గింజతో నాకు కావలసిన రకం నిలబడదని అంటున్నాను. ఫ్రెంచి చిక్కుడు చాలావరకు తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందుతుంది కాబట్టి, పెరట్లో కూడా రకాన్ని చెడకుండా ఏళ్ల తరబడి నిలుపుకోవచ్చు. ఇంత సులువైన పంటను కూడా ఏటా కొనుక్కుని వేసుకోవడం నాకు అర్థం కాదు, అంతే.

కొత్తపాదు:
అందరికీ ధన్యవాదాలు. సాయంకాలం గారూ, విత్తనం ఒక స్నేహితురాలు ఇచ్చింది. ఆమె దగ్గర ఎప్పుడు పూసిందో అడిగాను, పగళ్లు తగ్గడం మొదలయ్యాకే అని గుర్తు అంటోంది గానీ గట్టిగా చెప్పలేకపోతోంది. ఎరువుమాట గారు చెప్పినట్టు ఒక మొక్కను తవ్వాను. బుడిపెలు వేళ్ల మీద అక్కడొకటి ఇక్కడొకటి, ఆవగింజంత, చీల్చితే లోపల తెల్లగా ఉన్నాయి. యూరియా ఆపేశాను. నాకు లేత కాయలూ కావాలి, వచ్చే ఏటికి కొన్ని గింజలూ కావాలి. కాబట్టి కొన్ని తీగలను తుంచి, కొన్నిటిని వదిలేద్దామనుకుంటున్నాను.

ఎరువుమాట:
మంచిది. నీళ్లు కూడా మట్టి పైపొర ఆరాకే పోయండి.

పందిరినీడ:
విత్తనానికి వదిలే తీగలకు ఈ రోజే రంగు దారం కట్టి గుర్తు పెట్టుకోండి, లేకపోతే కోసేటప్పుడు చెయ్యి ఆగదు. గాలి ఆడే అంచున ఉన్నవాటిని ఎంచుకోండి, మిగతావన్నీ తుంచేయండి.

గింజలడబ్బా:
దారం ఇప్పుడే కట్టవద్దు. ఏ తీగ ముందు పూస్తుందో ఇంకా తెలియదు. విత్తనానికి వదలాల్సింది అంచున ఉన్నదాన్ని కాదు, ముందుగా పూసి, తెగులు లేకుండా నిలిచి, కాయ నిండుగా పట్టినదాన్ని. ఈ రోజు తుంచితే, అన్నిటికంటే ముందు పూయబోయే తీగ తలనే మీరు గిల్లేయవచ్చు. మొదటి పూత కనిపించేదాకా కర్ర చివర అడ్డకర్ర కట్టి ఆగండి.

పందిరినీడ:
అప్పటికి ఆ ముద్దలో పేనుబంక పడితే అడ్డకర్ర వచ్చి తీస్తుందా? సగం తీగలైనా ఈ రోజే తుంచండి.