వాలులో గుండ్లు దింపాలి: రాచెట్ పుల్లర్ సరిపోదా, టిర్ఫోరే కావాలా?

శంకర్‌పల్లి తోట
శంకర్‌పల్లి దగ్గర మాకో చిన్న తోట ఉంది. వెనకవైపు వాలు నిండా రాతి గుండ్లే, మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా. వాటిని నలభై అడుగులు కిందికి దింపి గట్టుగా పేర్చాలి. గేటు ఇరుకు, పైన కరెంటు తీగలు. జేసీబీ రాదు, హైడ్రా రాదు (చెరువుల హైడ్రా కాదు, క్రేన్ సంగతి). ఆన్‌లైన్‌లో 2 టన్నుల రాచెట్ పుల్లర్ (హ్యాండిల్ ఆడిస్తే ఇనప తాడు డ్రమ్ముకి చుట్టుకునే చేతి మెషిన్) చౌకగా దొరుకుతోంది. రాణీగంజ్‌లో ఓ దుకాణంలో అడిగితే టిర్ఫోర్ (ఇనప తాడుని పట్టి లాగే, వదిలే ఇంకో రకం చేతి మెషిన్) తీసుకోమన్నారు, దాని ధర దీనికి ఎన్నో రెట్లు. ఎప్పుడో ఒకసారి చేసే పనికి అంత పెట్టాలా?

హయత్‌నగర్ రైతు
అవసరం లేదు తమ్ముడూ. పుల్లర్ తీసుకో. మా చేనులో తుమ్మ మొద్దులన్నీ దానితోనే పీకినం. రెండు గడ్డపారలు, నాలుగు ఇనప పైపులు, పని తెలిసిన ఇద్దరు మనుషులుంటే చాలు. దుకాణంవాడు పెద్దది అమ్మాలనే చూస్తడు కదా.

బాలానగర్ షెడ్
అన్నా, మొద్దు పీకడం వేరు, గుండు దింపడం వేరు. మొద్దు ఊడితే అక్కడే పడి ఉంటుంది. మన హైదరాబాద్ గుండు అలా ఉండదు. ఎండకీ వానకీ మూలలు అరిగి గుండ్రంగా తయారైన రాయి అది, కదిలిందంటే దొర్లుతుంది. ఇక్కడ లాగడం అసలు సమస్యే కాదు, ఆపుతూ వదలడమే సమస్య. కాబట్టి మెషిన్ ఎంత లాగుతుందని కాదు, బరువు మీదున్నప్పుడు తాడుని నిదానంగా వదలగలదా అని అడగాలి.

రాచెట్ పుల్లర్ దగ్గర ఇదే కష్టం. వదలాలంటే హ్యాండిల్‌ని బిగపట్టి, గుర్రం (పన్నుని పట్టి ఆపే కొక్కెం) తిప్పి, ఒక్కో పన్ను చొప్పున జారవిడవాలి. చెయ్యి జారితే హ్యాండిల్ తిరిగొచ్చి దవడకి తగులుతుంది. పైగా డ్రమ్ము మీద ఉండే తాడు రెండు మూడు మీటర్లే. నలభై అడుగులంటే పన్నెండు మీటర్లు. ఎన్నిసార్లు గుండుకి రాళ్ళు అడ్డంపెట్టి, తాడు విప్పి, మళ్ళీ కడతారు? అలా కట్టి విప్పే టైంలోనే గుండు జారేది.

ఇక 2 టన్నులు అన్న మాట. చౌక పుల్లర్ల మీద రాసేది చాలావరకు తాడుని కప్పీలోంచి మడిచి రెండు పేటలు చేసినప్పటి లెక్క. ఒంటి తాడుకి అందులో సగమే. బాక్స్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి.

టిర్ఫోర్‌లో డ్రమ్ము ఉండదు. లోపల రెండు దవడలు తాడుని మార్చి మార్చి పట్టుకుంటాయి, బావిలోంచి చేద లాగే రెండు చేతుల్లా. తాడు ఇటు నుంచి ఎక్కి అటు నుంచి పోతుంది కాబట్టి ఎంత పొడుగైనా పెట్టుకోవచ్చు. హ్యాండిల్ తీసి వెనక్కి నడిపే లివర్‌కి తగిలిస్తే, బరువు మీదే తాడు అంగుళం అంగుళంగా వదులుతుంది. బరువు మితిమీరితే షియర్ పిన్ను (ముందుగా తెగిపోవడానికే పెట్టిన పిన్ను) తెగి హ్యాండిల్ ఖాళీగా ఆడుతుంది, గుండు మాత్రం దవడల పట్టులోనే ఆగుతుంది. పిన్ను తెగింది కదా అని మేకు కొట్టి నడిపేవాళ్ళని చూశాను. వాళ్ళ పక్కన నిలబడొద్దు.

హయత్‌నగర్ రైతు
అంతా బాగనే ఉంది, పైసలెవరిస్తరు? వడ్డెర మేస్త్రీలు తరతరాలుగా ఏ టిర్ఫోర్‌తో దింపిన్రు? గడ్డపార, మోకు, దుంగలే కదా.

బాలానగర్ షెడ్
నిజమే, వాళ్ళ చేతిలో గడ్డపార మన మెషిన్ కంటే మేలు. గుండు ఎటు ఒరుగుతుందో ముందే చెప్పగలరు. మనకి ఆ చూపు లేదు, అందుకే మెషిన్.

సివిల్ సైట్, మియాపూర్
శంకర్‌పల్లి గారూ, మీ అతిపెద్ద గుండు కొలతలు చెప్పండి. బరువు తెలియకుండా ఈ గొడవంతా వృథా.

శంకర్‌పల్లి తోట
పొడుగు 1.2 మీటర్లు, వెడల్పు 0.9, ఎత్తు 0.8 అక్కా.

సివిల్ సైట్, మియాపూర్
మూడూ గుణిస్తే 0.86 ఘనపు మీటర్లు. గుండ్రని రాయి కాబట్టి అందులో సగానికి కాస్త పైన తీసుకోండి, 0.47 అనుకుందాం. మన గ్రానైట్ ఘనపు మీటరుకి దాదాపు 2.7 టన్నులు. అంటే గుండు సుమారు 1.3 టన్నులు. వాలు 20 డిగ్రీలుంటే, దొర్లబోయే రాయిని పట్టుకున్న తాడు మీద 440 కిలోల దాకా పడుతుంది. ఇది నిలకడగా ఉన్నప్పటి లెక్క. తాడు ఒక అడుగు వదులుగా ఉండి, గుండు ఆ అడుగు దొర్లి ఆగిందంటే పడే కుదుపు దీనికి ఎన్నో రెట్లు. అందుకే 800 కిలోల టిర్ఫోర్‌తో సరిపెట్టుకోకండి, 1.6 టన్నులది చూడండి. తాడు ఎప్పుడూ బిగిసే ఉండాలి.

నా భయం మెషిన్ గురించి కాదు, మీరు దాన్ని దేనికి కడతారన్నదే. పైన వేపచెట్టు ఉంటే మొదట్లో, నేలకి దగ్గరగా, వెడల్పు బెల్టుతో కట్టండి. నడుమెత్తులో కడితే చెట్టే వంగుతుంది. ఇంకో గుండుకి కడుతుంటే అది నేలలో పాతుకున్నదో, ఊరికే కూర్చున్నదో చూడండి. మన దగ్గర చాలా గుండ్లు చిన్న రాళ్ళ మీద ఊరికే కూర్చుని ఉంటాయి. తాడుని కప్పీ వేసి పక్కకి తిప్పితే, తొంభై డిగ్రీల మలుపుకి కప్పీ కట్టిన చోట దాదాపు ఒకటిన్నర రెట్లు పడుతుంది, పూర్తిగా వెనక్కి తిప్పితే రెట్టింపు.

గుండుకి చుట్టే బెల్టు రంగు చూసి కొనండి: ఊదా 1 టన్ను, ఆకుపచ్చ 2, పసుపు 3. ఉరిలా బిగించి కడితే ఆ సంఖ్యలో ఐదో వంతు పోతుంది, అందుకే మీకు ఆకుపచ్చ కంటే తక్కువ వద్దు. గ్రానైట్ అంచు బెల్టుని కత్తిలా కోస్తుంది. పాత టైరు ముక్క మధ్యలో పెట్టండి.

కూకట్‌పల్లి కుర్రాడు
చైన్ పుల్లీ ఎవరూ చెప్పలేదేంటి భయ్యా? మా కాలనీలో మోటార్లు దానితోనే ఎత్తుతారు.

బాలానగర్ షెడ్
అది నిట్టనిలువుగా ఎత్తడానికి. పక్కకి లాగితే గొలుసు గాడిలోంచి తప్పుతుంది. పక్కకి కావాలంటే లివర్ హాయిస్ట్ ఉంది, దింపడం కూడా భద్రంగా చేస్తుంది, గొలుసు కాబట్టి తెగినా తాడంత విసురుగా రాదు. కానీ మామూలుగా గొలుసు మీటరున్నరే వస్తుంది. కింద గట్టు పేర్చేటప్పుడు గుండుని ఓ జానెడు ఇటూ అటూ సర్దడానికి భలే పనికొస్తుంది.

ఖాజాగూడ నడక
ఒక్క మాట. ఈ రాళ్ళ వయసు 250 కోట్ల ఏళ్ళ పైమాటే. వీటిని కాపాడమని 1996 నుంచి ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ మొత్తుకుంటూనే ఉంది. గట్టుకి సిమెంటు ఇటుకలు లేవా? అందులోనూ ఒకదాని మీద ఒకటి నిలిచిన గుండ్లుంటే ముట్టుకోకండి.

శంకర్‌పల్లి తోట
ఒకదాని మీద ఒకటి ఉన్నవి రెండు జతలున్నాయి, వాటిని కదపను. మిగతావి దారికి అడ్డం, తప్పదు. 1.6 టన్నుల టిర్ఫోర్ ఇరవై మీటర్ల తాడుతో రోజు అద్దెకి ఇచ్చేవాళ్ళు సికింద్రాబాద్‌లో దొరికారు, కొనడం మానేశాను.

బాలానగర్ షెడ్
మంచిది. తీసుకునే ముందు తాడంతా గోనెగుడ్డతో తుడుస్తూ చూడు, పోగులు తెగి ఉంటే గుడ్డకి తగులుకుంటాయి. ఎక్కడైనా మెలిక పడి నలిగి ఉంటే వద్దని చెప్పు. తాడు ఆ మెషిన్‌కి చెప్పిన రకమే కావాలి, వేరేది దవడల్లో నలిగిపోతుంది. దవడలు తెరిచి తాడుని పూర్తిగా విడిపించే మూడో లివర్‌ని బరువు ఉండగా ఎవరూ ముట్టుకోవద్దు. బిగిసిన తాడు మీద తడి గోనెసంచి వేయి, గుండుకి దిగువన మనిషి ఉండకూడదు.

హయత్‌నగర్ రైతు
అద్దెకైతే సరే, నేనేం అనను. నా పుల్లర్ మాత్రం నేను అమ్ముకోను. గుండు ఆగిన ప్రతిసారీ కిందివైపు అడ్డంగా చెక్క చీలికలు వేయాలె తమ్ముడూ, తాడు ఉంది కదా అని ఊరుకోకు. అడ్డం పెట్టే మనిషి పక్క నుంచి పెట్టాలె, ముందు నుంచి కాదు.

శంకర్‌పల్లి తోట
చీలికలు తుమ్మవి చేయించనా, టేకువా?

హయత్‌నగర్ రైతు
తుమ్మ. టేకు వద్దు, పైసలు దండగ.