ఫుట్‌బాల్ సీజన్‌ని సమ్మర్‌కి మారిస్తే పోలా?

గుంటూరోడు_మాంచెస్టర్:
మొన్న జనవరిలో మావాడి అండర్-9 మ్యాచ్ మళ్ళీ క్యాన్సిల్ అండి, గ్రౌండ్ గడ్డకట్టిందని పొద్దున ఏడున్నరకి కోచ్ మెసేజ్, అప్పటికే వాడు షిన్‌ప్యాడ్లు కట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు పాపం. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది కదా, ఇంగ్లండ్‌లో ఆగస్టు టు మే ఎందుకీ పట్టుదల? ఐర్లాండ్ వాళ్ళు 2003లోనే మార్చేశారు.

డబ్లిన్_బావ:
అవును బ్రో, ఇక్కడ ఫిబ్రవరి నుంచి నవంబర్ దాకా. శుక్రవారం సాయంత్రం మ్యాచ్‌కి వెళ్తే సమ్మర్‌లో హాయిగా ఉంటుంది, ఫిబ్రవరిలో మాత్రం చేతులు జేబులోంచి తియ్యలేం, అది వేరే సంగతి. అసలు లాభం ఏంటంటే జులైలో యూరప్ క్లబ్ పోటీల క్వాలిఫయర్లు వచ్చేసరికి ఇక్కడి క్లబ్బులోళ్ళు మంచి ఊపులో ఉంటారు, అవతలోళ్ళు చాలామంది అప్పుడే సెలవుల నుంచి వచ్చుంటారు. 2011లో షామ్‌రాక్ రోవర్స్ యూరోపా లీగ్ (యూరప్ క్లబ్బుల రెండో పెద్ద పోటీ) గ్రూప్ స్టేజ్‌కి వెళ్ళింది, ఐరిష్ క్లబ్ అక్కడిదాకా వెళ్ళడం అదే ఫస్టు.

టోక్యో_తమ్ముడు:
జపాన్ రివర్స్ గేర్ వేసింది అన్నా. జె-లీగ్ ఇన్నాళ్ళూ ఫిబ్రవరి–డిసెంబర్, 2026-27 నుంచి ఆగస్టులో మొదలెట్టి మే చివర్లోనో జూన్ మొదట్లోనో ముగించేలా మార్చారు. ఇక్కడి ఎండా ఉక్కా చూస్తే మన విజయవాడే గుర్తొస్తుంది, అందులో తొంభై నిమిషాలు పరిగెత్తాలంటే ప్రాణం పోతుంది. పైగా ఆటగాళ్ళ ట్రాన్స్‌ఫర్లు కూడా యూరప్ క్యాలెండర్‌తో కలుస్తాయి.

సోఫా_కోచ్:
మరి మామూలుగా సమ్మర్‌లో జరిగే వరల్డ్ కప్, యూరో (యూరప్ దేశాల కప్పు) ఎక్కడ పెడతారు సార్? 2022లో ఖతార్ కోసం నవంబర్, డిసెంబర్‌లో లీగులు ఆపితేనే ఎంత గోల చేశారో.

గుంటూరోడు_మాంచెస్టర్:
పెద్దోళ్ళ లీగ్ వదిలెయ్యండి సార్, పిల్లల మ్యాచులైనా మార్చొచ్చుగా. మా పార్కులో సమ్మర్‌కి క్రికెట్ వాళ్ళు వస్తారు, వాళ్ళతో గొడవ పడాలి, అందులో సగం మనోళ్ళే.