దసరా వేడుక: పిల్లల ఆటల టేబుళ్ళు, సైన్యం సంగతి

ఆటల టీమ్ (ఈ నెలంతా హన్మకొండ నుంచి):
అందరికీ నమస్కారం. నిరుడు మనం బతుకమ్మ ఆడుతుంటే 12 నుంచి 16 ఏళ్ళ పిల్లలంతా హాల్ మెట్ల మీద ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. చూసి మనసుకు కష్టమనిపించింది. అందుకే ఈసారి వాళ్ళకు రోల్‌ప్లేయింగ్ ఆట. అంటే ఒక్కొక్కరు ఒక పాత్ర వేసి తానేం చేస్తారో మాటల్లో చెప్తారు, అది ఫలిస్తుందా లేదా అన్నది పాచిక చెప్తుంది. ఓరుగల్లు లాంటి ఒక కల్పిత నగరం, చుట్టూ శత్రుసైన్యం, పైన డ్రాగన్. నాలుగు టేబుళ్ళు, టేబుల్‌కు ఆరుగురు పిల్లలు, కథ నడిపే పెద్దవాళ్ళు ఒక్కరు. మూడు గంటలు. ఐడియాలు చెప్పండి.

హాల్ పనులు:
తమ్మీ, మా గ్యారేజీలో బొమ్మ సైనికులు రెండొందల దాకా ఉన్నాయి. బల్ల మీద పరిచి నిజంగానే యుద్ధం పెడదామా? పిల్లలకు మంచి మజా వస్తది.

ఆటల టీమ్:
అన్నా, తప్పకుండా తీసుకురండి, బల్ల నిండుగా కనిపిస్తుంది. కానీ ఒక్కో సైనికుడికి పాచిక వేసి లెక్క చూడటానికి పది సెకన్లే అనుకున్నా, రెండొందల మందికి అరగంట దాటుతుంది. అదీ ఒక్క రౌండ్‌కే. పిల్లలు మళ్ళీ ఫోన్లు తీస్తారు.

అసలు ఈ రకం ఆట పుట్టిందే బొమ్మ సైన్యాల ఆటలోంచి. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి చేసిన చైన్‌మెయిల్ అనే యుద్ధాల ఆటలో, పెద్ద యుద్ధాలకు ఒక బొమ్మ అంటే ఇరవైమంది సైనికులు. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ ఆట తెచ్చేసరికి ఒక బొమ్మ ఒక్క మనిషైంది. పేరున్న మనిషి, భయమున్న మనిషి. పిల్లలు ఆడాల్సింది ఆ మనిషిని. సైన్యం కథ చుట్టూ ఉండాలి, దాని బరువు మాత్రం ప్రతి నిమిషం తెలియాలి.

నిన్న సాయంత్రం ఖిలా వరంగల్ పోయి రాతికోట తూర్పు ద్వారంలో చాలాసేపు నిలబడ్డాను. తిన్నగా లోపలికి పోలేం, గోడ అడ్డొస్తుంది, మలుపు తిరగాలి. బయట పదివేల మంది ఉండనీ, ఆ మలుపులోకి ఒక్కసారి వచ్చేది కొద్దిమందే. ఆరుగురు పిల్లలు సైన్యాన్ని ఆపగల చోటు అదే! మొదటి టేబుల్ కథ ఆ మలుపులోనే పెడతాను. కొలతలు, ఫోటోలు తీసుకున్నాను, అట్టతో చేద్దాం.

భోజనాల టీమ్:
తమ్ముడూ, సైన్యమంటే కత్తులేనా? మూడొందల మందికి ఒక్కపూట వండటానికే మనకు రెండు రోజులు నిద్రుండదు. కోట లోపల ఇరుక్కున్నోళ్ళు ఏం తింటారు, గుర్రాలకు గడ్డి ఎక్కడిది? అది కూడా పెట్టు.

ఆటల టీమ్:
అక్కా, ఇది బంగారం లాంటి మాట. రెండో టేబుల్ మీద ఒక గిన్నె నిండా జొన్నలు పెడదాం. ప్రతి అరగంటకు ఒక గ్లాసు తీసేద్దాం. మిగిలినవి పిల్లల కళ్ళ ముందే తగ్గుతుంటే ముట్టడి అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ ఓరుగల్లును ముట్టడిస్తే ప్రతాపరుద్రుడు సంధి చేసుకుని ఏనుగులు, గుర్రాలు, సంపద ఇచ్చుకున్నాడు. మన పిల్లలు కూడా గిన్నె ఖాళీ అయ్యేలోపు సంధి చేస్తారా, రాత్రి బయటపడి దాడి చేస్తారా, వాళ్ళ ఇష్టం. గిన్నె, జొన్నలు మీ వైపు నుంచి అక్కా.

ఒక పేరెంట్:
మాది ములుగు. మేడారం యుద్ధం పెట్టొచ్చు కదా అన్నా? మా బాబుకు ఆ కథ ప్రాణం.

ఆటల టీమ్:
సమ్మక్క, సారలమ్మ మనం మొక్కే తల్లులు. వాళ్ళను పాచిక మీద పెట్టడం నాకు ఒప్పదు, క్షమించండి. అయితే కరువులో కప్పం కట్టలేని అడవి ఊరి మీదికి రాజుగారి సైన్యం వస్తే ఆ ఊరికి ఎలా ఉంటుందో పిల్లలకు తెలియాలి. మన రాజులు గొప్పోళ్ళే, కానీ సైన్యం ఏ వైపు నుంచి చూస్తే అలా కనిపిస్తుంది. మూడో టేబుల్ అలాంటి ఒక కల్పిత ఊరు. ఆ కథ మీరు నడుపుతారా? వాగు, ఇప్పచెట్లు మీకంటే బాగా ఎవరు చెప్తారు?

అదే పేరెంట్:
సరే అన్నా, నేను చేస్తా.

హాల్ పనులు:
మరి డ్రాగన్ వస్తే సైనికులు ఏం పనికొస్తరు తమ్మీ?

ఆటల టీమ్:
పనికొస్తారన్నా, నాలుగో టేబుల్ అదే. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఇప్పటి రూల్స్‌లో 20 ముఖాల పాచిక మీద 20 పడితే ఎంత గట్టి తోలైనా దెబ్బ తగిలినట్టే. వందమంది విలుకాళ్ళు ఒక్కసారి వదిలితే సగటున ఐదు బాణాలు దిగుతాయి. వంద పాచికలు వేయక్కర్లేదు, దళం మొత్తాన్ని ఒకే ప్రాణిలా లెక్కపెట్టి ఐదు దెబ్బలు అనేస్తే చాలు. కానీ నిప్పు మీద పడితే ఆ వందమంది నిలబడతారా, పరుగెత్తుతారా? అక్కడ సేనాపతి పాత్ర వేసే పాప ఏం మాట్లాడుతుందో దాన్ని బట్టి ఉంటుంది. రుద్రమదేవితో పాటు సేనాని మల్లికార్జున నాయకుడు కూడా మరణించినట్టు 1289 నాటి చందుపట్ల శాసనం చెబుతుంది. ఆ శాసనం సంగతి ఆ పాపకు ముందే చెప్పి కూర్చోబెడతాను.

20 ముఖాల పాచికలు 24 కావాలి, నా దగ్గర తొమ్మిదే ఉన్నాయి. ఎవరింట్లో ఉన్నా ఆదివారం లోపు చెప్పండి. నాలుగో టేబుల్ నడపడానికి ఇంకా ఒకరు తక్కువ.