మూడున్నర లక్షల్లో పాత పికప్: ఏస్, దోస్త్, బొలెరోలో ఏది నయం?

కాటేదాన్_బీరువాలు
అందరికీ నమస్తే. కాటేదాన్‌లో మాకు చిన్న షెడ్డు ఉంది. బీరువాలు, స్టీలు మంచాలు, షాపులకు ర్యాకులు చేస్తాం. ఇన్నాళ్ళూ డెలివరీకి ట్రాలీ కిరాయికి మాట్లాడుకుంటున్నాం. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే ట్రాలీలు దొరకవు, దొరికినా చెప్పిన టైముకు రావు. అవతల పార్టీ ఫోన్ల మీద ఫోన్లు. అందుకే సొంత బండి కొనాలనుకుంటున్నాం. చేతిలో ఉన్నది మూడున్నర లక్షలు. లోన్ జోలికి పోవద్దని నాన్న గట్టిగా చెప్పారు.

ఎక్కువగా తిరిగేది అత్తాపూర్, మెహిదీపట్నం, ఉప్పల్ వైపు. అప్పుడప్పుడు షాద్‌నగర్, వికారాబాద్ ఆర్డర్లు కూడా ఉంటాయి. ముడిసరుకు, అంటే ఇనప షీటు కూడా అదే బండిలో తెచ్చుకుంటే బాగుంటుందని ఆలోచన. ఇప్పటికి చూసినవి మూడు: 2015 బొలెరో పికప్, 2017 దోస్త్, 2018 టాటా ఏస్. మూడూ డీజిలే. ఏది తీసుకోమంటారు? చూసేటప్పుడు ఏం గమనించాలి? వాడినవాళ్ళు చెప్పండి.

నాచారం_పికప్
తమ్ముడూ, కళ్ళు మూసుకుని బొలెరో తీసుకో. 2523 సీసీ ఇంజిన్, నాలుగు సిలిండర్లు. లోడు మీద ఘాట్ ఎక్కించినా మూలగదు. నువ్వు వికారాబాద్ అన్నావు కదా, అనంతగిరి దగ్గర ఏస్ పరిస్థితి ఏంటో లోడుతో ఎక్కినవాళ్ళను అడుగు. స్పేర్లు ఏ ఊళ్ళో అయినా దొరుకుతాయి, పల్లెటూళ్ళో మెకానిక్ కూడా విప్పి బిగించగలడు. రేపు అమ్మాలన్నా ముందు అమ్ముడుపోయేది బొలెరోనే. మా ఇంట్లో పాతది పోయాక మళ్ళీ బొలెరోనే కొన్నాం.

జీడిమెట్ల_షీట్_మెటల్
నాచారం అన్న బండి బలం గురించి చెప్పింది నిజమే. కానీ ముందు లోడు లెక్క చూడాలి. నాదీ షీటు పనే కాబట్టి చెబుతున్నా. 8×4 అడుగుల ఒక ఎంఎం షీటు ఒక్కోటి 23 కిలోల పైనే ఉంటుంది. నలభై షీట్లు వేస్తే 930 కిలోలు దాటుతుంది. ఏస్ మోసేది ముప్పావు టన్ను దరిదాపుల్లో. మోయగలదా అంటే మోస్తుంది, అందరూ వేస్తూనే ఉన్నారు. కానీ బ్రేకులు, హౌసింగ్ (వెనక ఇరుసు ఉండే గొట్టం), టైర్లు అన్నీ దానికి మూల్యం చెల్లిస్తాయి.

ఇంకోటి. ఏస్ డాలా, అంటే వెనక సరుకు వేసే తొట్టి, పొడవు ఏడడుగుల పైచిలుకే. ఎనిమిదడుగుల షీటు చదునుగా పరిస్తే వెనక తలుపు మూతపడదు. తలుపు తెరిచి, షీటు బయటికి పొడుచుకొచ్చేలా వేసుకుని ఆరాంఘర్ చౌరస్తా దాటాలంటే చలానా సంగతి పక్కనపెట్టు, వెనకాల బైకు మీద వచ్చేవాడి మెడ దగ్గర ఉంటుంది ఆ అంచు. దోస్త్ డాలా ఎనిమిదడుగులకు కొంచెం ఎక్కువ. బొలెరోలో 1.7 టన్నుల మోడల్ అయితే తొమ్మిదడుగులు. టేపు పట్టుకెళ్ళి లోపలి కొలత నువ్వే తీసుకో. అమ్మేవాడి నోటి లెక్క నమ్మకు.

అసలు ప్రశ్న: షీటు నెలలో ఎన్నిసార్లు తెస్తావు, డెలివరీలు ఎన్ని?

కాటేదాన్_బీరువాలు
షీటు నెలకు రెండు మూడుసార్లు. డెలివరీలు దాదాపు రోజూ ఉంటాయి. బీరువాలు రెండు, లేదంటే ఒక మంచం, ఒక బీరువా. బరువు తక్కువ, జాగా ఎక్కువ తింటాయి.

జీడిమెట్ల_షీట్_మెటల్
అయితే రోజూ చేసే పనికి సరిపోయే బండి కొను. షీటు కోసమే పెద్ద బండి కొంటే మిగతా రోజులన్నీ ఖాళీ డాలాకు డీజిల్ పోస్తూ తిరుగుతావు. షీటుకు మాత్రం కిరాయి బండి మాట్లాడుకో. షీటు వచ్చే రోజు ముందే తెలుస్తుంది కాబట్టి అక్కడ టెన్షన్ ఉండదు. మేమూ అలాగే చేస్తాం.

ఆటోనగర్_మెకానిక్
పాత పికప్‌లు విప్పడమే నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది బండి కొన్నాకే వస్తారు. కొనక ముందు వస్తే బాగుండేదని ప్రతిసారీ అనిపిస్తుంది. అందుకే వివరంగా రాస్తున్నా.

మీటరు చూసి మురిసిపోవద్దు. మీటరు తిప్పడం పెద్ద పని కాదు. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న దానికన్నా ఏం మోసిందన్నది ముఖ్యం. కొరియరు, బ్రెడ్డు, చిప్స్ ప్యాకెట్లు మోసిన బండి లక్షన్నర తిరిగినా లోపల గట్టిగా ఉంటుంది. ఇసుక, ఇటుక, గ్రానైట్ మోసింది అరవై వేలకే అయిపోతుంది. చేపల బండి అయితే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. ఐసు నీళ్ళు, ఉప్పు కారి కారి చాసిస్ లోపలి నుంచి తినేసి ఉంటుంది, పైన మాత్రం కొత్త రంగు మెరుస్తుంది.

ఏం మోసిందో అమ్మేవాడు చెప్పడు. బండి చెబుతుంది. కిందికి దూరి వెనక కమాన్ పట్టీలు చూడండి. కంపెనీ ఇచ్చిన వాటికన్నా పట్టీలు ఎక్కువ వేయించి ఉంటే ఓవర్‌లోడు కొట్టిన బండి. పట్టీల బ్రాకెట్లు చాసిస్‌కు కలిసే చోట వెల్డింగ్ ఉందా, కొత్త రంగు అక్కడొక్కచోటే పూశారా చూడండి. డాలాలో కొత్త చెకర్ ప్లేటు పరిచి ఉంటే ఒక మూల ఎత్తి చూపించమనండి, కింద తుప్పు దాచడానికే చాలామంది పరుస్తారు. వెనక టైర్లు రెండూ లోపలి అంచున మాత్రమే అరిగితే హౌసింగ్ వంగి ఉండొచ్చు. రీబటన్ టైర్లయితే (పాత టైరు మీద కొత్త రబ్బరు వేసినవి) ఆ అరుగుదల కనపడదు, అక్కడ అనుమానం ఇంకా పెంచుకోండి.

ఇంజిన్ సంగతి. పొద్దున్నే వెళ్ళండి. వస్తున్నామని ముందు చెప్పినా సరే, మేము వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద, సైలెన్సర్ దగ్గర వేడి ఉందా చూడండి. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో అదే దాని అసలు ఆరోగ్యం. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీయండి. పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తే బ్యాక్ కంప్రెషన్ ఉన్నట్టు, పిస్టన్ రింగులు అరిగాయి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. రేడియేటర్ మూత ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీసి, ఆ తర్వాత స్టార్ట్ చేయించండి. నీళ్ళలో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పోయింది. వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోవద్దు, ముఖం కాలుతుంది.

తర్వాత లోడు వేసి నడపండి. ఖాళీ పికప్ నడిపితే ఏమీ తెలియదు. నాలుగైదు వందల కిలోలు ఏదో ఒకటి వేసి ఫ్లైఓవర్ ఎక్కించండి. క్లచ్ జారుతోందా, గేరు బయటికి తన్నుతోందా, వెనక క్రౌన్ (వెనక చక్రాలను తిప్పే గేరు) దగ్గర ఊళ వేసినట్టు సౌండ్ వస్తోందా అప్పుడే తెలుస్తాయి. లోడు వేయడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే బండి వదిలేయండి.

కాటేదాన్_బీరువాలు
అన్నా, చాలా థాంక్స్. దోస్త్ మీద ఒక సందేహం. నిస్సాన్ వెళ్ళిపోయింది కాబట్టి స్పేర్లకు ఇబ్బంది అని ఒక బ్రోకర్ అన్నాడు. నిజమేనా?

ఆటోనగర్_మెకానిక్
2011లో దోస్త్ వచ్చినప్పుడు అశోక్ లేలాండ్, నిస్సాన్ కలిసి తెచ్చాయి. తర్వాత నిస్సాన్ వాటా లేలాండే తీసుకుంది, బండి ఆపలేదు. స్పేర్లకు కొదవ లేదు. అయితే అది మూడు సిలిండర్ల కామన్ రైల్ ఇంజిన్, అంటే డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో నాజిల్స్ గుండా చిమ్మే రకం. నాజిల్స్, పంపు పని వస్తే పాత ఏస్‌లా రోడ్డు పక్కన విప్పే రకం కాదు, ఖర్చు కూడా ఎక్కువే. లోడుతో నడిపినప్పుడు ఇంజిన్ దడదడలాడినా, పికప్ చచ్చుగా ఉన్నా ముందే నాజిల్స్ చెక్ చేయించండి. మోసేది టన్నుంబావు కాబట్టి మీ బీరువాలు దానికి లెక్కలోవి కావు.

బోరబండ_క్యాటరింగ్
మా క్యాటరింగ్‌కు టాటా ఏస్ వాడుతున్నాం. దాని తరఫున కూడా ఒక మాట చెప్పాలి. బోరబండ, రహమత్‌నగర్ గల్లీల్లో ఎదురుగా ఆటో వస్తేనే ఆగిపోవాలి, అక్కడ ఏస్ అలవోకగా తిరిగేస్తుంది. పాతబస్తీ డెలివరీలు ఉంటే ఇది చాలా పెద్ద సంగతి తమ్ముడూ. పాత డీజిల్ ఏస్ ఇంజిన్ 702 సీసీ, రెండు సిలిండర్లే. ఖర్చు తక్కువ, రిపేరు తక్కువ. స్పీడు ఉండదు, లోడు మీద రింగు రోడ్డు ఎక్కితే లారీలు హారన్ కొట్టి కొట్టి భయపెడతాయి. సిటీలోనే తిరిగితే మాత్రం నేను ఏస్ వైపే.

డబ్బు మొత్తం బండికే పెట్టొద్దు. కొనగానే టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, ఆయిల్ మార్పు, ఇన్సూరెన్స్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. మేము బేరం ఆడేటప్పుడే యాభై వేలు పక్కన తీసిపెట్టాం, అది మొత్తం ఖర్చయింది. నీ దగ్గర మూడున్నర ఉంటే బండికి మూడు లక్షలే అనుకుని వెతుకు.

మేడ్చల్_ట్రాలీ
పెట్రోలు కూడా చూడొచ్చు కదా? 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ బండ్లలో పొగ ఫిల్టరు ఉంటుంది. గల్లీల్లో నాలుగేసి కిలోమీటర్లు తిప్పి ఆపేస్తుంటే అది మసితో మూసుకుపోతుంది. మధ్యమధ్య హైవే మీద బాగా నడిపితే తప్ప శుభ్రం కాదు. రోజూ చిన్న చిన్న ట్రిప్పులే అయితే సూపర్ క్యారీ పెట్రోలు, ఏస్ గోల్డ్ పెట్రోలు మంచివి. నాది సూపర్ క్యారీ సీఎన్‌జీ. ఇంధనం ఖర్చు తక్కువే కానీ మోసే బరువు తగ్గుతుంది, బంకు దగ్గర క్యూలో పోయే టైం కూడా లెక్క వేసుకోవాలి.

ఆటోనగర్_మెకానిక్
మేడ్చల్ భాయ్ చెప్పింది సరైనదే. వీళ్ళు చూసినవి మూడూ బీఎస్6కి ముందువి కాబట్టి ఆ ఫిల్టరు గొడవ వీటికి లేదు.

కాగితాలు_ముందు
బండి గురించి అందరూ చెప్పారు, నేను కాగితాల గురించి చెబుతా. ఎంత మంచి బండి అయినా పేరు మారకపోతే షెడ్డులో పెట్టుకుని చూడాల్సిందే.

ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. ఫైనాన్స్ ఉందా, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, ఇన్సూరెన్స్ ఉందా అన్నీ వస్తాయి. చలానాలు తెలంగాణ ఈ-చలాన్ సైట్‌లో చూడండి. ఆర్‌సీ మీద చాసిస్ నంబరు, బండి మీద కొట్టిన నంబరు అక్షరం అక్షరం కలవాలి. అక్కడ గీకినట్టు, మళ్ళీ కొట్టినట్టు కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

ఫైనాన్స్ కనిపిస్తే, ఆ ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 (ఆర్‌సీలో ఫైనాన్స్ తీసేయడానికి ఇచ్చేది) చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. "మీరు డబ్బిస్తే కట్టేసి తెచ్చిస్తా" అంటే, ఆ బాకీ మొత్తం మీరే నేరుగా ఫైనాన్స్ ఖాతాలో కట్టి రసీదు తీసుకోండి, మిగిలిందే అతనికి. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు. అమ్మేవాళ్ళు గమనించాల్సింది కూడా ఉంది. పేరు మారకముందు యాక్సిడెంట్ అయితే రిజిస్టర్డ్ ఓనరే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే నిజాయితీగా అమ్మేవాడికి కూడా పేరు మార్పు తొందరే ఉంటుంది. "తర్వాత చూద్దాంలే" అనేవాడి దగ్గర ఏదో ఉంది.

ఫిట్‌నెస్ సంగతి. ఎనిమిదేళ్ళ లోపు ట్రాన్స్‌పోర్ట్ బండికి రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. మీరు చూసిన 2015 బొలెరో, 2017 దోస్త్ రెండూ ఏటా పాసింగ్‌కు వెళ్ళాల్సినవే. లోడుతో కలిపి మొత్తం బరువు 3 టన్నుల లోపు ఉన్న బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. బొలెరోలో కొన్ని మోడళ్ళు 3 టన్నులు దాటుతాయి, ఆర్‌సీలో చూసుకోండి. ఏపీ రిజిస్ట్రేషన్ బండి అయితే అక్కడి నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడి టాక్సు అన్నీ కలుపుకుని ధర లెక్క వేయండి, చవక అనిపించింది చవక కాకపోవచ్చు.

డ్రైవర్ గురించి కూడా ఒక మాట. మామూలు ఎల్‌ఎంవీ (కారు లాంటి తేలికపాటి బండ్ల) లైసెన్సుతో 7500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల ధర్మాసనం చెప్పింది. మీ ఇంట్లో కారు లైసెన్సు ఉన్నవాళ్ళు నడుపుకోవచ్చు.

నాచారం_పికప్
కాగితాల అన్న చెప్పినవన్నీ నిజం. బొలెరో మీద నా ప్రేమ తగ్గలేదు కానీ, ఈ తమ్ముడి లోడు చూశాక 2015 బొలెరోకు అంత పెట్టమని నేనూ అనలేను. ఈ బడ్జెట్‌లో వచ్చే బొలెరోలు ఎక్కువగా బాగా లాగించినవే.

కాటేదాన్_బీరువాలు
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మెకానిక్‌ను వెంటబెట్టుకుని మూడూ మళ్ళీ చూశాం. బొలెరోకు వెనక రెండు పట్టీలు ఎక్కువ ఉన్నాయి, బ్రాకెట్ దగ్గర వెల్డింగ్ కూడా. దాన్ని వదిలేశాం. ఏస్ ఇంజిన్ చక్కగా ఉంది, కానీ మా మూడు తలుపుల బీరువా పడుకోబెడితే పక్కన ఇంకేదీ పట్టదు. దోస్త్ ఇదివరకు బేకరీ సరుకు మోసిందట, డాలా కింద తుప్పు లేదు. టైల్స్ పెట్టెలు వేసి ఫ్లైఓవర్ ఎక్కించాం, క్లచ్ కొంచెం జారింది. దానికి ధర తగ్గిస్తానన్నారు. యాప్‌లో మాత్రం ఫైనాన్స్ ఇంకా చూపిస్తోంది. ఓనరు అన్నీ కట్టేశానంటున్నారు, రసీదులు కూడా చూపించారు.

కాగితాలు_ముందు
రసీదులు చూపిస్తే సంతోషం, కానీ ఆర్‌సీలో ఫైనాన్స్ ఎత్తేసేదాకా ఆగండి. ఫారం 35 ఆయనే ఆర్టీఓలో పెట్టించాలి. ఈలోగా బయానా కొద్దిగా ఇచ్చి, తేదీ, చాసిస్ నంబరు, ఒప్పుకున్న ధర, ఫైనాన్స్ తీసేశాకే మిగతా డబ్బు అన్న మాట కాగితం మీద రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. పేరు మారాక 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్పించండి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ప్రీమియం కాస్త పెరుగుతుంది.

ఆటోనగర్_మెకానిక్
క్లచ్ ప్లేటుతో పాటు ప్రెషర్ ప్లేటు, బేరింగ్ కూడా ఒకేసారి మార్పించండి. గేర్‌బాక్స్ దింపే కూలీ రెండుసార్లు పడకుండా ఉంటుంది. దింపినప్పుడే వెనక ఆయిల్ సీలు కూడా చూడమనండి.