అంబులెన్సులకు పక్క నుంచి గుద్దే క్రాష్ టెస్ట్ తప్పనిసరి చేయాలా?

కాజీపేట_రైడర్:
కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబర్ నుంచి ఉంది. గంటకు 50 కి.మీ. వేగంతో ఒక బారియర్‌ను తెచ్చి తలుపుకు గుద్దించి, లోపల కూర్చోబెట్టిన మనిషి బొమ్మకు ఏమైందో కొలుస్తారు. పేషెంట్, టెక్నీషియన్, ఇంటివాళ్లు కూర్చునే అంబులెన్స్ వెనక భాగానికి అలాంటిది ఎందుకు వద్దు? రెడ్ సిగ్నల్ దాటుకుంటూ పోయే బండికి దెబ్బ తగిలేది పక్క నుంచే కదా.

బాడీషాప్_హన్మకొండ:
అంబులెన్స్ ఎట్లా కట్టాలో చెప్పే రూల్ ఏఐఎస్-125 ఆల్రెడీ ఉంది తమ్మీ. పక్కదెబ్బ రూల్ ఏఐఎస్-099 అంటావా, అది సీటు నేల నుంచి 700 మిల్లీమీటర్లు దాటని బండ్లకే. ఎత్తు బండిని కారు గుద్దితే కింద తగుల్తుంది, మనిషికి కాదు. పైగా ఒక్కో ఆర్డర్‌కు ఒక్కో బాడీ కడతాం. టెస్ట్ పేరుతో ఒక బండిని తుక్కు చేస్తే ఆ డబ్బులు ఎవరిస్తారు?

కాజీపేట_రైడర్:
కారు సరే, గ్రానైట్ లారీ గుద్దితే ఎక్కడ తగుల్తుందన్నా? బండిని తుక్కు చేయమని ఎవరన్నారు? యూరప్‌లో అంబులెన్సుల రూల్ ఈఎన్ 1789 ప్రకారం స్ట్రెచర్‌ను, దాని బిగింపులను స్లెడ్ (పట్టాల మీద జారే టెస్ట్ బండి) మీద పెట్టి 10 జీ బలంతో, అంటే బరువుకు పదింతల బలంతో, ముందుకూ వెనక్కూ పక్కలకూ లాగి చూస్తారు. అమెరికాలో పక్కదెబ్బకే ఎస్ఏఈ జే2956 అని వేరే టెస్ట్ పద్ధతి ఉంది.

ములుగు_పిలగాడు:
ముందు రోడ్ల మీద బర్రెలను ఆపండి, తర్వాత యూరప్ పోదాం.

బాడీషాప్_హన్మకొండ:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. డబ్బులు ఎవరిస్తారు?

కాజీపేట_రైడర్:
అడిగిందే అడుగుతున్నావు. ప్రాణం కంటే నీ బిల్లు ఎక్కువా?

బాడీషాప్_హన్మకొండ:
నోరు జాగ్రత్త. మా తమ్ముడు అంబులెన్స్ డ్రైవర్. చౌరస్తాలో టిప్పర్ గుద్దితే తప్పంతా వాడి మీదికే నెట్టారు, నెలల తరబడి డ్యూటీ లేదు. రేపు బండికి సర్టిఫికెట్ వచ్చిందనుకో, "బండి గట్టిదే, డ్రైవరే సరిగ్గా నడపలేదు" అని రాసుకోవడం ఇంకా సులువు. నా బాధ అది, బిల్లు కాదు.

ఈఎంటీ_జనగామ:
ఇద్దరూ బండి గురించే మాట్లాడుతున్నారు. వెనక పేషెంట్ పక్కన ఉండే టెక్నీషియన్‌ను నేను. మీ టెస్టులో బొమ్మ బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చుంటుంది. సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం) చేసేటప్పుడు నేను బెల్టు పెట్టుకుంటే చెయ్యి ఛాతీదాకా అందదు, నిలబడే చేయాలి. పక్క బెంచీ మీద కూర్చున్నా నడుముకు ఒక పట్టీ, అంతే. మా బండిలో ఆక్సిజన్ సిలిండర్ క్లాంపు వదులైపోతే గాజ్ గుడ్డ బ్యాండేజీ నాలుగు చుట్లు చుట్టి ముడి వేశాం. పక్క నుంచి దెబ్బ తగిలితే గోడ వంగేలోపే ఆ సిలిండర్ నా మీదికి వస్తుంది.

కాజీపేట_రైడర్:
అక్కా, అందుకే టెస్ట్ కావాలంటున్నా. క్లాంపు ఆగుతుందో లేదో అందులోనే తేలిపోతుంది.

ఈఎంటీ_జనగామ:
కొత్త బండి క్లాంపు తేలుతుంది. లక్షల కిలోమీటర్లు తిరిగిన బండిది ఎవరు చూస్తారు? నాకు ఏటా చెకింగ్ కావాలి, కూర్చున్న చోటి నుంచే పేషెంట్ అందేలా సీటు కావాలి. స్టార్లు మీరే ఉంచుకోండి.

బాడీషాప్_హన్మకొండ:
ఆ క్లాంపు ఫోటో పెట్టమ్మా, ఏ సైజు పట్టీ వేయాలో చెప్తా. టెస్ట్‌కు మాత్రం నేను ఒప్పుకోలేదు, రాసిపెట్టుకోండి.

కాజీపేట_రైడర్:
ఎవరూ ఒప్పుకోమనలేదు, గోడ వంగితే సీటు ఎట్లా ఆగుతుందో అది చెప్పు.