బాబిన్‌స్కీ గుర్తు: చూసింది ఒకరు, పేరు ఇంకొకరిదా?

పాతపేజీ: అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేవడం గురించి జర్మన్ నరాల డాక్టర్ రెమాక్ 1893లోనే రాశాడు. ఫ్రెంచ్ నరాల డాక్టర్ బాబిన్‌స్కీ 1896లో పారిస్ బయాలజీ సొసైటీకి ఇచ్చింది 28 లైన్ల నోటు. పేరంతా ఆయనకే పోయింది. న్యాయమేనా?

మోకాలిసుత్తి: చూడటం వేరు, పరీక్షగా నిలబెట్టడం వేరు. వేలు లేస్తే పిరమిడల్ దారి, అంటే మెదడు నుంచి వెన్నుపాముకి కదలిక ఆదేశాలు మోసే నరాల దారి, దెబ్బతిందని తేల్చింది బాబిన్‌స్కీ.

పాతపేజీ: ఆ నోటు శీర్షికలో ఉన్నది ‘కేంద్ర నాడీమండలపు కొన్ని ఆర్గానిక్ జబ్బులు’ అనే, అంటే నిజంగా ఏదో పాడైన జబ్బులు. పిరమిడల్ ఎక్కడుంది?

మోకాలిసుత్తి: శీర్షిక దగ్గరే ఆగిపోతే ఎలా సార్? 1898లో వివరంగా రాశాడుగా.

గళ్లచొక్కా: వేళ్లు విసనకర్రలా విచ్చుకోవడం 1903లో చేర్చాడు. అదీ రెమాక్‌దేనా :)

నరాలపుల్ల: పేరు సంగతి తర్వాత, ముందు గీయడం సరిగ్గా రావాలి. కాలు చాపి వదులుగా ఉంచాలి. మొద్దు మొనతో మడమ దగ్గర బయటి అంచున మొదలుపెట్టి, చిటికెనవేలి మొదలు దాకా నెమ్మదిగా లాగి, లోపలికి తిప్పి, బొటనవేలి కింది మెత్తకు ముందే ఆపాలి. పాదం మధ్యలో గీస్తే చక్కిలిగిలికి కాలంతా వెనక్కి లాక్కుంటారు, అప్పుడు వేలు లేచినా నమ్మలేం. చూడాల్సింది వేలి మొదటి కదలిక. ఏడాది లోపు పిల్లల్లో లేవడం మామూలే. ఇంకోటి, వేలిని ఎత్తే కండరానికి వెళ్లే నరం చచ్చుబడితే, పైన మెదడులో, వెన్నుపాములో ఎంత పాడైనా వేలు లేవదు.

పాతపేజీ: నేననేదీ అదే! లేవనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. కానీ 1901లో హిస్టీరియాకి, అంటే ఒంట్లో ఏదీ పాడవకుండానే వచ్చే చచ్చుబాటు లాంటి లక్షణాలకి, ‘పితియాటిజం’ అని పేరు మార్చింది ఈ బాబిన్‌స్కీయే. నచ్చజెబితే పోయేదట! మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన శిష్యుడు క్లోవిస్ వాన్సాన్ నడుం వంగిపోయిన సైనికులకు అదీ హిస్టీరియాయేనని వైద్యం పేరుతో కరెంటు పెట్టాడు. 1916లో దెషాన్ అనే సైనికుడు తిరగబడి కొడితే కేసు కోర్టుకెక్కింది.

మోకాలిసుత్తి: ఓహో, అసలు మంట ఇదా! మరి పొద్దుట్నుంచీ రెమాక్‌ని ఎందుకు అడ్డం పెట్టుకున్నట్టు? శిష్యుడి కరెంటు గురువు ఖాతాలో రాస్తారా? గాయాల తర్వాత చేతులు బిగుసుకుపోవడంలో కొన్ని హిస్టీరియా కావు, నటనా కావు అని తోటి డాక్టర్ ఫ్రోమాన్‌తో కలిసి పుస్తకం రాసింది బాబిన్‌స్కీయే.

పాతపేజీ: ఎప్పుడు? 1917లో. కరెంటు పెట్టాక.

గళ్లచొక్కా: ఇంతకీ రెమాక్‌ని వదిలేసినట్టేనా?

పాతపేజీ: వదల్లేదు. 1893.