పిలకాయలతో కొండలు ఎక్కాలంటే నెల్లూరు చుట్టుపక్కల ఎక్కడ మొదలుపెట్టాలి?

నెల్లూరు అమ్మ:
అందరికీ నమస్తే. మేం నెల్లూరు టౌన్‌లో ఉంటాం. బాబుకి 9 ఏళ్లు, పాపకి 5. సెలవొస్తే ఇంట్లో ఫోను, బయటికెళ్తే షాపింగ్ మాల్, మహా అయితే మైపాడు బీచ్‌లో ఓ గంట, వీళ్ల లోకం ఇంతే అయిపోయింది. వీళ్ల వయసులో మేం అమ్మమ్మ వాళ్లూళ్లో గుట్టల మీద బలుసుపళ్లు, కలేకాయలు కోసుకుంటూ పొద్దు గూకేదాకా తిరిగేవాళ్లం, అందులో కొంచెమైనా వీళ్లకి తెలియాలని నా ఆశ. పెంచలకోనలో గుడి వెనక నుంచి జలపాతం దాకా నడిపించి, వీలైతే ఒక రాత్రి అక్కడే టెంట్ వేసుకుని ఉందామని మావారు అంటున్నారు. మా అత్తయ్యకేమో ఒకటే టెన్షన్, పాములూ పురుగులూ ఉండే చోటికి పసిబిడ్డని ఎట్లా తీసుకుపోతారని. పిల్లలతో నిజంగా వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: 5 ఏళ్ల పిల్ల ఎంతదూరం నడుస్తుంది, ఏ నెలలో పోవాలి, రాత్రి ఉండనిస్తారా?

రాపూరు మాస్టారు:
ముందు రాత్రి సంగతి చెప్తానమ్మా, అది వద్దు. పెంచలకోన చుట్టూ ఉన్న వెలిగొండ అడవి అభయారణ్యం, అనుమతి లేకుండా లోపల రాత్రి ఉండటం నేరం. పైగా ఇటంతా ఎర్రచందనం ఉండే అడవి, చీకటిపడ్డాక లోపల ఎవరు కనపడినా అటవీశాఖవాళ్లు అనుమానంగానే చూస్తారు, పిల్లల ముందు ఆ విచారణలన్నీ ఎందుకు?

పగలు మాత్రం హాయిగా వెళ్లండి, కాకపోతే కాలం చూసుకోవాలి. మనకి వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. జూలైలో ఎవరో ఫొటో పెట్టారని పోతే ఎండిన బండలే కనిపించొచ్చు. వానలు తెరిపిచ్చాక, డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా వాగులో నీళ్లుంటాయి, ఎండా మరీ బాధించదు. తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు, పైన కొండల్లో మబ్బు కమ్మి ఉన్నప్పుడు మాత్రం వాగులో దిగకండి, మన నెత్తిన చినుకు పడకపోయినా పైనుంచి నీళ్లు ఒక్కసారిగా వచ్చేస్తాయి. వైశాఖంలో బ్రహ్మోత్సవాలప్పుడు జనం బాగా ఉంటారు, ఎండా మండిపోతుంది, అప్పుడు దేవుడి దర్శనం చేసుకుని వచ్చేయండి చాలు.

నన్నడిగితే మొదట పెంచలకోన కూడా కాదు, మీ ఊరి పక్కనే ఉన్న నరసింహకొండ. జొన్నవాడ దగ్గర, టౌన్ నుంచి పది పదిహేను కిలోమీటర్లే. పొద్దున ఆరున్నరకల్లా కొండ కింద ఉండండి. సప్తర్షులు యజ్ఞం చేసిన కొండ అని చెప్తే, ఆ ఏడుగురి పేర్లేంటని మీవాడు తప్పకుండా అడుగుతాడు, చూసుకుని వెళ్లండి. పైనుంచి పెన్న కనపడుతుంది. పాప ఎంతదూరం నడుస్తుందని అడిగారు కదా, మధ్యమధ్యలో ఆగనిస్తే 5 ఏళ్ల పిల్ల రెండు మూడు కిలోమీటర్లు సులువుగానే నడుస్తుంది. "తొందరగా రా, ఇంకా చాలా ఉంది" అన్నారంటే మాత్రం అరకిలోమీటరుకే చంకెక్కుతుంది. మా స్కూలు పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు నేను చూసిందే చెప్తున్నాను. బాట మీద రోకలిబండ కనపడిందంటే పిల్లలంతా దాని చుట్టూ కూలబడతారు. పుల్లతో మెల్లగా తాకితే చుట్టచుట్టుకుని గుండీలా పడుకుంటుంది, కాసేపటికి ఒక్కో వరస కాళ్లూ బయటికొస్తాయి, మళ్లీ కదులుతుంది. ఆ పది నిమిషాలు వాళ్లకి వదిలేయాలి. పైదాకా ఎక్కకపోయినా పర్వాలేదు, పిల్లలు చూడాల్సిందంతా పైనే ఉందని పెద్దవాళ్లం మనమే అనుకుంటాం.

ఉదయగిరి కుర్రోడు:
మాస్టారూ, 9 ఏళ్ల పిల్లాడికి నరసింహకొండ మరీ చిన్నదండి! వాడికి మా ఉదయగిరి దుర్గం చూపించాలి. నెల్లూరు నుంచి సుమారు 100 కిలోమీటర్లు, తెల్లవారుజామున బయల్దేరితే ఎండ ముదరకముందే కొంత ఎక్కేయొచ్చు. కోట గోడలు, బురుజులు, పాడుబడ్డ గుళ్లు, పైన మసీదు, అన్నీ చెట్లలో కలిసిపోయి ఉంటాయి. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీద ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో గెలిచింది ఈ కోటనే. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకెళ్లి హంపిలో గుడి కట్టించాడని చెప్తే పిల్లలకి కళ్లముందు కథ కదులుతుంది. ఒక్క మాట, పైన బాటలు పొదల్లో కలిసిపోతాయి, దారి తెలిసిన ఊరివాళ్లని ఒకరిని వెంటపెట్టుకోకుండా ఎక్కొద్దు. దిగాక ఊళ్లో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. కొమ్మ ముక్క గరిటెగా మారుతుంటే మీ పాప అక్కణ్ణుంచి కదలదు.

రాపూరు మాస్టారు:
దుర్గం గొప్పదే నాయనా, కాదనను. కానీ 5 ఏళ్ల బిడ్డ ఉన్న ఇంటికి మొదటిసారే అది చెప్తే ఎట్లా? బాబునీ నాన్ననీ పంపండి, లేదంటే అందరూ కింద కోట దాకా వెళ్లి రండి. పైకి ఇంకో రెండేళ్లు ఆగండి.

పీహెచ్‌సీ నర్సు:
అక్కా, మీ అత్తయ్య భయంలో తప్పేం లేదు, భయానికి తగ్గ జాగ్రత్త ఉంటే చాలు. నిండు ప్యాంటు, సాక్సు, బూట్లు తప్పనిసరి, చెప్పులతో కొండ వద్దు. బూట్లు కూడా వారం ముందే తొడిగి ఇంట్లో తిప్పండి, కొత్తవైతే మడమ బొబ్బలెక్కి దార్లో ఏడుపు మొదలవుతుంది. ఎండుటాకుల కుప్పలో, బండ సందుల్లో చెయ్యి పెట్టనివ్వకండి. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏదీ చేయొద్దు. కాలికి పట్టీలుంటే వెంటనే తీసేయాలి, వాపు వస్తే బిగుసుకుపోతాయి. కాలు కదలకుండా కర్రకి వదులుగా కట్టి, బిడ్డని నడిపించకుండా ఎత్తుకుని, 108కి ఫోన్ చేసి పెద్ద ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే విరుగుడు ఇంజెక్షను, కాబట్టి పాముని వెతికి చంపి పట్టుకురావాల్సిన పని లేదు.

పాము కంటే నేను ఎక్కువగా చెప్పేది స్క్రబ్ టైఫస్ గురించి. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని నల్లి పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. గడ్డి మీద అట్లాగే కూర్చోబెట్టకండి, దుప్పటి పరవండి. ఇంటికి రాగానే వేడినీళ్ల స్నానం, బట్టలు ఉతుక్కి. వారం, పది, పదిహేను రోజుల తర్వాత గట్టి జ్వరం వస్తే ఒళ్లంతా వెతకండి, చంకలో, గజ్జల్లో, నడుం దగ్గర సిగరెట్ కాల్చినట్టు నల్లటి పక్కు ఉందేమో చూడండి. లేకపోయినా సరే, అడవికి వెళ్లొచ్చామని డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క ముక్క చెప్తే వైద్యం తొందరగా మొదలవుతుంది, మందులకి బాగా లొంగే జబ్బు ఇది.

ఇంకోటి, గురివింద గింజలు. ఎర్రగా మెరుస్తూ కొసన నల్లచుక్కతో ఎంత ముద్దుగా ఉంటాయో, పిల్లలు జేబుల్లో నింపేసుకుంటారు. నమిలితే విషం అవి. పాప చేతికి ఇవ్వకండి. దూలగొండి కాయలు కూడా చలికాలంలోనే ముదురుతాయి, గోధుమరంగు నూగు ఉన్న చిక్కుడుకాయలా కనపడితే ముట్టుకోనివ్వొద్దు. నూగు అంటిందా, రుద్దకుండా ప్లాస్టరు టేపు అంటించి లాగేయండి, తర్వాత సబ్బుతో కడగండి.

నెల్లూరు అమ్మ:
మీ అందరికీ ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. నర్సు గారూ, మీరు రాసింది అత్తయ్యకి చదివి వినిపించాను, "అన్నీ తెలిసే పోతున్నారన్నమాట" అని కాస్త మెత్తబడ్డారు. సంక్రాంతి సెలవుల్లో నరసింహకొండ, ఆ తర్వాత పెంచలకోన అనుకున్నాం. బాబు మాత్రం టెంట్ గురించి రోజూ అడుగుతున్నాడు. దానికేమైనా దారి ఉందా మాస్టారూ? తిండి, నీళ్లు ఎంత పట్టుకెళ్లాలో కూడా చెప్పండి.

రాపూరు మాస్టారు:
ఉంది. పొదలకూరు, సైదాపురం వైపు చుట్టాలెవరికైనా నిమ్మతోట ఉందా? తోటలో టెంట్ వేయండి, కాకపోతే మిద్దె మీదైనా సరే. ఎటువంటి టెంటైనా కింద జిప్పు పూర్తిగా వేసే ఉంచండి, బూట్లు లోపలే పెట్టుకోండి, పొద్దున దులిపి తొడగండి. జనవరిలో చీకటిపడగానే నడినెత్తి దగ్గర గుంపుగా కనపడే కృత్తికలని మా పెద్దవాళ్లు పిల్లలకోడి అనేవాళ్లు, ఎన్ని చుక్కలు కనపడుతున్నాయో బాబుని లెక్కపెట్టమనండి, చూపు బాగున్నవాళ్లకి ఆరేడు అందుతాయి. డిసెంబరు 14 చుట్టుపక్కల రాత్రుళ్లయితే ఉల్కలు బాగా రాలతాయి, ఈసారి కాకపోతే వచ్చే ఏడు ముందే అనుకోండి.

తిండికి పులిహోర, వేరుశెనగ ఉండలు, అరటిపళ్లు. పెరుగన్నం తెచ్చుకుంటే పదకొండు లోపలే తినేయండి. నీళ్లు ఒక పూటకి పెద్దవాళ్లకి రెండు లీటర్లు, పిల్లలకి లీటరు చొప్పున పెట్టుకోండి, వాగు నీళ్లు తాగనివ్వకండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు. బాబుకి సొంత బ్యాగు ఇవ్వండి, కానీ వాడి బరువులో పదో వంతు మించకూడదు, 25 కిలోల పిల్లాడైతే రెండున్నర కిలోలన్నమాట. పాప బ్యాగులో తన సీసా, ఒక బిస్కెట్ ప్యాకెట్టు, మెళ్లో ఒక విజిల్. తప్పిపోతే ఉన్నచోటే నిలబడి మూడుసార్లు ఊదాలని ఇంట్లోనే ఆటగా నేర్పించండి. చేతిలో కవర్లు మాత్రం కనపడనివ్వకండి, గుడి దగ్గర కోతులు నేరుగా పిల్లల చేతిలోవే లాక్కుంటాయి.

పాపకి పక్షులంటే ఇష్టమైతే ఫిబ్రవరి లోపల దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రం కూడా చూపించండి. అది ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మనకి దగ్గరే. చెరువులో నిలబడ్డ కడపచెట్ల మీద గూడబాతులు, అదే పెలికాన్లు, గూళ్లు కట్టుకుని, పిల్లలకి గొంతు సంచిలోంచి చేపలు తినిపిస్తుంటాయి. నడక కొంచెమే, బైనాక్యులర్స్ దొరికితే అడిగి తెచ్చుకోండి.